నా ఆవేశానికి గోళీలు

మొన్న జనగామ చౌరస్తాల నా ఎనుక ఎంతమంది ఉరికిండ్రో మీరు గిన చూసుంటే, నన్ను అప్పుడే మంత్రిని చేద్దురు! పేపర్ల ఫొటో గూడ పడ్డది. నేను ముందల, జెండలు ఎనుక. ఎందుకు ఉరుకుతున్నమో వాళ్లల్ల ఒక్కనికి తెల్వది. నాకే తెలుసు. చెప్త గని, చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

నా సంగతి మీకు ఎర్కనే గద. దేవరుప్పుల బస్సుల కండక్టర్‌ని. చిల్లర కాడ లొల్లి తప్ప ఇంకో యుద్ధం చేసినోణ్ని గాదు. తెలంగాణ సమ్మె టైంల దీక్ష టెంటు కింద ఊకె కూసుంటే, టెంటు నడిపే సోమన్న ఒకనాడు మైకు నా చేతుల పెట్టిండు. ఏం మాట్లాడిన్నో నాకు యాదికి లేదు. కండ్లు బయటికి పొడుచుకొచ్చినయట, చేతులు గజగజ వణికినయట, అంగి చెమటకు తడిసి ముద్దయిందట. "అబ్బబ్బ! ఏం ఆవేశమే!" అన్నరు. గప్పటిసంది ఏడ టెంటేసినా నేనే స్పీకర్‌ని. జఫర్‌గఢ్ నుంచి గూడ జీపు పంపేటోళ్లు.

ఇంట్ల గూడ గదే ఆవేశం. కూరల ఉప్పు తక్కువైతే గిన్నె గోడకు పోయేది. ఇద్దరి తిండి నేనొక్కన్నే తింటున్న, అయినా లాగు నిలువది. రాత్రిపూట నిద్ర లేదు, గుండె ఒకటే కొట్టుకునుడు. "తెలంగాణ కోసం పాణం కరగదీసుకుంటున్నడు" అని వాడకట్టంత మెచ్చుకున్నరు. నేను గూడ గదే అనుకున్న. నమ్మనిది మా భాగ్య ఒక్కతే. కట్టుకున్నది గద, గిన్నెలు దానికే తాకినయ్!

గుంజుకపోయి హన్మకొండల ఒక డాక్టర్‌కు చూపిచ్చింది. ఆయన గుంటూరు దిక్కాయన. "చేతులు చాచండి" అని ఏళ్ల మీద కాయితం పెట్టిండు. ఫ్యాన్ బందున్నది, అయినా కాయితం టపటప ఆడుతున్నది. నీళ్లు మింగమన్నడు, గొంతు చూసిండు, రక్తం తీపిచ్చిండు. ఆఖరుకు చెప్పిండు. "థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందండీ. ఆ వణుకు, దడ, చెమట, కోపం, బరువు తగ్గడం, మాటిమాటికీ విరేచనాలు, అన్నీ దానివల్లే."

"అయ్యో సారూ, గది ఆడోళ్లకు గద వచ్చేది?" అన్నది భాగ్య.

"మగవాళ్లకీ వస్తుందమ్మా."

రోగం వచ్చిందంటే నాకు బాధ కాలే. 'అన్నీ దానివల్లే' అన్నడు సూడుండ్రి, గక్కడ కాలింది. అడిగేసిన: "సార్, మాకు అన్యాయం జరిగిందని నాకు మండుతది గద. గది గూడ థైరాయిడేనా?"

ఆయన రక్తం రిపోర్టు పక్కకు పెట్టిండు. "అది మీదేనండీ. అరుపు మాత్రం దానిది" అన్నడు.

గోళీలిచ్చిండు. వణుకుకు ఒకటి, గ్రంథికి ఒకటి. మెల్లమెల్లగ నిద్ర పట్టింది, లాగు నిలిచింది, గిన్నెలు పొయ్యి కాడనే ఉన్నయి. భాగ్య నవ్వుడు చూసి ఎన్నాళ్లయిందో నాకు గప్పుడు తెలిసింది.

గదే నా కొంప ముంచింది. టెంటు కింద మళ్ల మైకిచ్చిండ్రు. నిమ్మలంగ మాట్లాడిన. నీళ్ల సంగతి, కొలువుల సంగతి, ఒకటెనుక ఒకటి చెప్పిన. నేనేం మాట్లాడుతున్ననో నాకు సమజైంది గదే మొదటిసారి! ఒక్క చప్పట్ల సప్పుడు రాలే. ముందల కూసున్నాయన ఆవులిచ్చిండు.

"ఏందన్నా, పాణం బాగలేదా?" అన్నడు సోమన్న.

"లే సోమన్నా, ఇప్పుడే బాగైంది" అని థైరాయిడ్ కత అంత చెప్పిన. గక్కడ ఆగినా అయిపోవు. డాక్టర్‌ది ఏ ఊరని అడిగితే, అది గూడ చెప్పిన.

అంతే! పొద్దుగూకే వరకు జనగామంత పాకింది. 'ఆంధ్ర డాక్టర్ గోళీలిచ్చి మనోన్ని సల్లార్చిండట.' రెండోనాటికి గా పుకారుల డాక్టర్ గూడ మాయమైండు, 'మనోడు అమ్ముడుపోయిండు' ఒక్కటే మిగిలింది. చాయ్ హోటల్ల నా పక్క కుర్చీల ఎవ్వడూ కూసోలే. జీతం బందై, ఇంట్ల బియ్యం నిండుకుంటే గూడ సమ్మె ఇడువనోన్ని నేను. నన్నా అమ్ముడుపోయిండనేది? కడుపు రగిలిపోయింది. గని మందుల పుణ్యాన గట్టిగ తిట్టనీకె గూడ కాలే!

ఇగ నాకు బుద్ధి పుట్టింది, అదొక బుద్ధి. గోళీలు బంద్ పెట్టిన. భాగ్య ముందల నోట్ల ఏసుకునుడు, పెరట్లకు పోయి ఉమ్మేసుడు. చౌరస్తాల పెద్ద సభ దగ్గర పడుతున్నది. రోజూ పొద్దుగాల ఏళ్ల మీద పేపర్ పెట్టుకొని చూసుకున్న. ఒకనాడు ఆడింది. ఎంత సంబురమైందో! పరీక్షల పాసైనప్పుడు గూడ గంత సంబురం కాలే.

సభనాడు స్టేజీ ఎక్కిన. మైకు పట్టుకుంటే మైకే వణికింది. కండ్లు, చెమట, అరుపు, అన్నీ వాపస్! జనం ఈలలు. సోమన్న అయితే కుర్చీ మీద నిలబడి చప్పట్లు. మంచి జోరు మీద ఉన్న, కడుపుల మెలి తిరిగింది. డాక్టర్ చెప్పిన రోగాలల్ల ఆఖరిది యాదికొచ్చింది. మైకు ఇసిరేసిన, స్టేజీ మీదికెళ్లి కిందికి దుంకిన, బస్టాండ్ దిక్కు ఉరికిన.

"అన్న కదిలిండు! నడువుండ్రి!" అని ఎవడో మొత్తుకున్నడు. ఎనుక సభంత లేచింది. జెండలు, డప్పులు, జై తెలంగాణ! బస్సులు ఆపనీకె పోతున్న అనుకున్నరు. పోలీసోళ్లు లాఠీలు పట్టుకొని అడ్డమొచ్చిండ్రు. నేను ఆగుతనా? నా మొకం చూసి వాళ్లే పక్కకు జరిగిండ్రు. నేరుగ బస్టాండ్ పాయఖానలకు ఉరికి గొళ్లెం పెట్టుకున్న.

లోపల నేను, చుట్టూర ఉద్యమం. జై తెలంగాణ అని తలుపులు అదిరేటట్టు అరుస్తున్నరు. గుండె ఎంత జోరుగ కొట్టుకున్నదంటే, సస్తున్న అనే అనుకున్న. నిజంగ భయమైంది. గోడ పట్టుకొని బయటికొచ్చిన, గక్కడనే కూలిపోయిన. భుజాల మీద ఎత్తుకపోయిండ్రు. ఫొటో గప్పటిది గూడ ఉన్నది.

హన్మకొండ దవాఖానల కండ్లు తెరిస్తే, భాగ్య మంచం పక్కన నెత్తి కొట్టుకుంటున్నది. "నీకు మంచి పేరు గావాలెనా, నా బొట్టు ఉండాలెనా? ఏదో ఒకటి చెప్పు." మొకం గోడ దిక్కు తిప్పుకున్న.

అంతల్నే సోమన్నోళ్లు దండ పట్టుకొని వచ్చిండ్రు. మెడల ఏసిండ్రు. నేను గప్పుడన్నా నిజం చెప్పాలె గద అని, "సోమన్నా, నేను ఉరికింది పాయఖానకు" అన్న. అందరు నవ్విండ్రు. "ఎంత చేసినా జర గూడ గర్వం లేదు" అన్నడు సోమన్న. రోగమని నిజం చెప్తే నమ్మలే, ఇప్పుడు గిది చెప్తే గూడ నమ్మలే!

గంతల డాక్టర్ వచ్చిండు. ఆయన నా నాడి పట్టుకొని అడిగిండు: "మందులు ఆపేశారా?"

"ఆపిన సార్."

"జై తెలంగాణ!" అని వార్డంత దద్దరిల్లింది. ఆంధ్ర గోళీలు మింగలేదని చప్పట్లు!

ఆయన చప్పట్లు ఆగేదాక నిలబడ్డడు. కోపం చెయ్యలే. చీటీ రాసి భాగ్య చేతిల పెట్టిండు. "అమ్మా, ముందు ఈయన్ని బతికించుకోండి. రాష్ట్రం వచ్చినప్పుడు చూడ్డానికి ఉండాలిగా" అన్నడు. నా పాణం కాపాడినాయన ముందల, ఆయన్ని ఓడగొట్టినందుకు ఏసిన దండ మెడల పెట్టుకొని కూసున్న. గంత సిగ్గు నా జిందగీల ఎన్నడు పడలే.

మళ్ల గోళీలు ఏసుకుంటున్న. ఈసారి ఉమ్ముత లేను. జనగామల మాత్రం నేను ఆంధ్ర మందులు కాలదన్నిన మొగోన్ని. వచ్చే వారం మహబూబాబాద్ల సభ పెట్టిండ్రట, నేనే ముఖ్య వక్తనట!

చాయ్ అయిపోయిందా? అయితే ఇగ లేవుండ్రి. నాకు గోళీ టైమైంది, మీ ముందల ఏసుకోను, చెప్తే ఎట్లా నమ్మరు గని చూస్తే నమ్ముతరు. మీరు గూడ పొద్దుగాల గా టెంటు కిందనే గద కూసునేది.