ఎండ తగలనివ్వని మల్లె

నేను పట్టు నేసేవాణ్ణి. తిరుత్తణిలో మా వీధిలో గుంట మగ్గం మీద ఇంకా కూర్చునేవాళ్ళం నలుగురమే మిగిలాం. తక్కినవాళ్ళు ఫ్యాక్టరీ పనులకని కంపెనీ బస్సులెక్కారు. చిన్నప్పుడు మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం, పట్టుకు ఎండ తగలనివ్వకూడదని. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. అందుకే మా మగ్గం గదికి ఒకటే చిన్న కిటికీ, దానికీ ఒక గోనెపట్టా. నలభై ఏళ్ళుగా ఆ గదిలోకి ఎండ రాకుండా కాపలా కాసిన మనిషిని నేను.

పోయిన ఆడి నెలలో, వానల మొదట్లో, నా భార్య పాండూరులోని పుట్టింటి నుంచి మల్లె అంటు తెచ్చి, పగిలిన పెయింటు బకెట్టులో నాటింది. "ఇది పూస్తే తొలి మూర నీకేమ్మే" అని మా కూతురితో చెప్పింది. దీపావళి దాటిన పది రోజులకు ఆమె పోయింది. మొక్క అప్పటికి జానెడు ఉంది. ఇంకా పూయలేదు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్ళిపోయాక ఆ పిల్ల నన్ను ఒక్కటే అడిగింది: "నాయనా, అమ్మ చెట్టు మాత్రం సావకుండా చూసుకో."

చూసుకోవడం అంటే నాకు తెలిసింది ఒకటే పద్ధతి. వీధిలో పెడితే మేకలు, మిద్దె మీద పెడితే ఎండ. బకెట్టును తెచ్చి మగ్గం గుంట పక్కన, నా కుడిచేతికి అందేట్టు పెట్టుకున్నాను. పడుగుకు పట్టించగా మిగిలిన గంజిని పలచగా కలిపి రోజూ పోశాను. దారానికి బలం గంజి, మనిషికి బలం గంజి, మొక్కకు మాత్రం చేదా అనుకున్నాను. పని మధ్యలో దానితో నాలుగు మాటలు కూడా మాట్లాడేవాణ్ణి. నా భార్య ఉన్నప్పుడు ఆమెతో మాట్లాడినదానికన్నా ఎక్కువే మాట్లాడాననుకుంటా.

మొదట్లో మొక్క గబగబా పెరిగింది. నేను మురిసిపోయాను. చలి తగ్గే మాసి నెలకు చూస్తే కాడ సన్నబడి, పాలిపోయి, ఆకుకూ ఆకుకూ మధ్య బెత్తెడు దూరం. మొక్క మొత్తం కిటికీ వైపు వంగిపోయింది. నేను గంజి ఇంకొంచెం చిక్కగా పోశాను.

"అది ఆకలితో ఉండాది నాయనా" అంది మా అమ్మాయి ఒకరోజు.

"రోజూ పోస్తానే ఉండానే!"

"మనం పోస్తే తినేది కాదు అది. దాని కూడు అదే వండుకుంటాది. పొయ్యి ఆకులోనే ఉండాది. వేరు నీళ్ళు తెస్తాది, ఆకు గాలి పీలుస్తాది, ఎండే మంట. ఆ మూడూ కలిస్తేనే చక్కెర అయ్యేది. నువ్వు పోసే గంజి గూడా యాడిది? వరి ఆకు ఎండలో వండి గింజలో దాచిపెట్టిందే."

ఆమె చేతిలో తమిళ పుస్తకం ఉంది. అందులో దాన్ని ఒళిచ్చేర్కై అంటారు. నా కాలంలో తెలుగు బడిలో కిరణజన్య సంయోగక్రియ అని బట్టీ పట్టించారు. నోరు తిరిగేదాకా పేరు నేర్చుకున్నానేగాని, లోపల ఏం జరుగుతుందో అయ్యవారు చెప్పలేదో, చెబితే నేను వినలేదో. తెలియదని ఒప్పుకుంటే పోయేది. నాకు అంత మంచి గుణం ఎప్పుడూ లేదు.

"గంజి సంగతి నాకు చెప్పేదానివైనావా? పో, పోయి చదువుకో" అన్నాను.

ఇంకేదో చెప్పబోయింది. నేను చెయ్యెత్తాను. కొట్టడానికి కాదు, చాలు అనడానికి. ఆమె పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం నా భార్య అన్న వచ్చాడు. పళవేర్కాడు దగ్గర రొయ్యల గుంటల్లో పని చేస్తాడు. గదిలోకి వస్తూనే మొక్కను చూసి ఆగిపోయాడు.

"ఏం బావా, దీన్ని చెరసాల్లో పెట్టినావే!"

ఆయన చదువుకున్నవాడు కాదు. ఆయన చెబితే నాకు రోషం రాలేదు. గుంటలో నీళ్ళు పచ్చగా ఉంటాయట. ఆ పచ్చదనం కంటికి ఆనని నాచు. పగలంతా అది ఎండను తిని నీళ్ళలోకి ఊపిరి వదులుతుంది.

"రెండు మూడు దినాలు వరసగా మబ్బు పట్టిందనుకో, ఆ పచ్చకు పని ఉండదు. తెల్లారేసరికి రొయ్యలన్నీ ఊపిరాడక పైకొచ్చేస్తాయి. ఆకైనా, నాచైనా, పచ్చగా ఉండేదానికి ఎండ గావాల బావా" అన్నాడు.

మర్నాడు పొద్దున మా అమ్మాయి పరీక్ష రాయడానికి వెళ్ళింది. చిత్తిర నెల, మండుటెండలు. నేను బకెట్టును మిద్దె మీదికి మోసుకెళ్ళి, ఎక్కడా నీడ పడని చోటు వెతికి మరీ పెట్టాను. ఐదు నెలల ఆకలి ఒక్కపూటలో తీర్చేద్దామని. ఆమె వచ్చి చూసి సంతోషపడుతుందని తలచుకుంటూ మగ్గం మీద కూర్చున్నాను. ఆ రోజు మూరన్నర నేశాను.

సాయంత్రం ఆమె మిద్దె ఎక్కింది. ఎంతసేపటికీ దిగకపోతే నేనూ ఎక్కాను. ఆకులన్నీ తెల్లబారి, అంచులు కాలి, కాడకు వేలాడుతున్నాయి. ముట్టుకుంటే అప్పడంలా విరిగాయి. ఆమె బకెట్టును పిట్టగోడ నీడలోకి లాక్కుని దాని పక్కన కూర్చుని ఉంది.

"ఒక్కసారిగా పెట్టకూడదు నాయనా" అంది. "చీకట్లో పెరిగిన ఆకుకు అంత ఎండ తాళదు. లోపలి పచ్చ కాలిపోతాది. మొదట నీడలో పెట్టి, దినానికి కొంచెం కొంచెం ఎండ చూపించాలంట. మా టీచర్ని అడిగినాను."

"ఈ మాట ముందే చెప్పకూడదా?" అని అరిచాను. తప్పు నాదైతే నాకు కోపం రెండింతలు.

ఆమె తలెత్తి చూసింది. "నువ్వు చెప్పనిచ్చినావా?"

నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆ మాట నేను అంతకుముందు ఒకసారి విన్నాను. తిరువళ్లూరు ఆస్పత్రిలో, ఇంకా ముందు రావలసిందని డాక్టరు చెప్పి వెళ్ళాక, నొప్పి ఉందని అప్పుడే చెప్పకూడదా అని నా భార్య మీద కూడా ఇలాగే అరిచాను. ఆమె మంచం మీది నుంచి, కోపం లేకుండా, ఇదే మాట అడిగింది. నిజమే. నొప్పి సంగతి రెండుసార్లు చెప్పబోయింది. మొదటిసారి నేను మగ్గం ఆపలేదు. రెండోసారి, పని వేళ ఏం గోల అని కసిరాను. ఈ సంగతి మా అమ్మాయికి తెలియదు. ఎవరికీ చెప్పుకోలేదు. ఆ మిద్దె మీద, ఆ పిల్ల ముందు, నాకు ఏడుపు వచ్చింది.

ఆమె భయపడింది. మొక్క కోసం ఏడుస్తున్నాననుకుని, కాడను గోటితో గీకి చూపించింది. లోపల సన్నగా పచ్చ ఉంది. "కాడలో పచ్చ ఉంటే అది గూడా కొంచెం వండుతాది నాయనా. చిగురు రావచ్చు, రాకపోవచ్చు."

"మొదటి నుంచి చెప్పు" అన్నాను. "ఆకు ఎట్లా వండుతాదో, అంతా చెప్పు."

నిజంగానే అడుగుతున్నానా అని కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో రెండు మూడు సార్లు అడ్డం మాట్లాడబోయాను. పళ్ళు బిగబట్టుకుని విన్నాను.