సౌభాగ్యలక్ష్మి గారు కోసిన పుస్తకం

మా వీధి లైబ్రరీలో నవల పేజీ మూల మడిచిన పాపానికి పదిమంది ముందు తల దించుకుని నిలబడ్డవాణ్ణి నేను. నూజివీడులో ముప్పై ఏళ్లుగా మామిడికాయల వ్యాపారం చేస్తున్నాను, నలుగురూ శ్రీరాములు గారూ అని పిలుస్తారు. లైబ్రేరియన్ సౌభాగ్యలక్ష్మి గారికి అవేం పట్టవు. "ఎక్కడిదాకా చదివారో గుర్తుండని వాళ్లకి నవలలెందుకండీ?" అన్నారు. పెద్దమనుషులందరూ పేపర్లు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

ఆవిడ నాన్నగారు వెంకటాచలపతి గారు గుడిలో అర్చకులు. ఆయన దేవుడి దగ్గర ఎంత మడి పాటించేవారో, ఈవిడ పుస్తకాల దగ్గర అంత పాటిస్తారు. కొత్త పుస్తకం వస్తే అట్ట వేసి, నంబరు వేసి, వారం దాకా ఎవర్నీ ముట్టుకోనివ్వరు. "కొత్త పెళ్లికూతురికి కూడా ఇన్ని మర్యాదలు జరగవండీ" అన్నానొకసారి. ఆ నెలంతా నాకు డిటెక్టివ్ నవల దొరకలేదు.

ఈ లైబ్రరీ మా తాతగారి రోజుల్లో ఒక వ్యాపారి గోడౌన్‌లో రెండు బీరువాలతో మొదలైంది. ఇప్పుడు బీరువాలు పదకొండు, కప్పు మాత్రం అప్పటిదే. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు తెరిచి ఉంటుంది. వానొస్తే పాఠకులతో పాటు బకెట్లకీ చోటివ్వాలి.

మొన్న వేసవిలో టీచరు ఉద్యోగాలకి డీఎస్సీ పరీక్ష ప్రకటించారు. లైబ్రరీలో ఉన్నది ఒకే ఒక్క గైడు, పదకొండు వందల పేజీలు. దాన్ని అక్కడే కూర్చుని చదవాలి, ఇంటికివ్వరు. ఇంకో రెండు కాపీలు కావాలని ఆవిడ పై ఆఫీసుకి రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. యశస్విని, భావన, పూజిత ఊళ్లో పిల్లలే కాబట్టి ఎనిమిదింటికే వచ్చి గైడు చుట్టూ కూర్చునేవారు. నాలుగో అమ్మాయి రిబ్కమ్మది చాట్రాయి అవతల చిన్న ఊరు. పగలంతా మా షెడ్డులో కాయలు ఏరేది. నేను నాలుగున్నరకి వదిలేవాణ్ణి, వాళ్ల ఊరి బస్సు ఐదున్నరకి. మధ్యలో నడక పోను ఆ పిల్లకి దక్కేది అరగంట, అదీ గైడు ఖాళీగా ఉంటే. ముందే వదలొచ్చుగా అంటారా? సీజనండీ, కాయ ఆగదు. వయసు లెక్క ప్రకారం ఆ అమ్మాయి రాయగలిగిన ఆఖరి పరీక్ష అది.

"ఒక్క రాత్రికి ఇంటికిస్తారా మేడమ్? తెల్లారేసరికి తెచ్చేస్తాను" అంది ఒకరోజు.

"రూల్ లేదమ్మా. పొద్దున నీ బస్సు లేటైతే మిగతా ముగ్గురూ ఏం కావాలి?"

"సర్లెండి మేడమ్" అని ఆ పిల్ల బస్సుకి పరుగెత్తింది. ఆవిడ చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి అటుగా వెళ్తుంటే లైబ్రరీ తలుపు ఓరగా తీసి ఉంది. తొంగిచూశాను. సౌభాగ్యలక్ష్మి గారు గైడు అట్ట ఊడదీసి, కుట్టు వెంబడి బ్లేడుతో కోస్తున్నారు!

"అయ్యయ్యో! ఏంటండీ ఈ ఘోరం?"

"మీ షెడ్డులో గోతాలు కుట్టే దబ్బనం ఉందా?"

"ఉందండి."

"అయితే నోరు మూసుకుని పట్టుకురండి. పురికొస కూడా."

తెచ్చాను. కాయల అట్టపెట్టెలు కత్తిరించి, ఒక్క గైడుని నాలుగు పుస్తకాలుగా కుట్టాం. నలుగురికీ నాలుగు, ఇంటికే తీసుకెళ్లొచ్చు, ఐదు రోజులకోసారి వాళ్లలో వాళ్లే మార్చుకోవాలి. కుడుతున్నంతసేపూ ఆవిడ కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. ఏమైందండీ అంటే దుమ్మన్నారు. దుమ్మట! ఆవిడ లైబ్రరీలో దుమ్మెక్కడ ఏడ్చింది?

పరీక్ష ఐదు రోజులుందనగా, నేను అక్కడ పేపరు చూస్తుండగానే, పై ఆఫీసు నుంచి ఆఫీసరు గారు తనిఖీకి వచ్చారు. రిజిస్టర్లో గైడు ఉంది, బీరువాలో లేదు. ఆవిడ జరిగింది చెప్పారు. ఆయన మంచివారే. "పాఠకులు చించేశారని రాయండమ్మా, నేను సంతకం పెట్టేస్తాను" అన్నారు.

"వాళ్లు చించలేదండి. నేనే కోశాను."

"సరే, ఆ ముక్కలైనా తెప్పించండి. చూసి రాసుకుంటాను."

"పరీక్ష అయ్యాక తెప్పిస్తానండి."

"ఎవరి దగ్గరున్నాయి?"

"చెప్పనండి. చెబితే మీరిప్పుడే మనిషిని పంపిస్తారు."

ఆయనకి కోపం వచ్చింది. ముక్కలు కనిపిస్తే అది చిరిగిన పుస్తకం, కనిపించకపోతే పోయిన పుస్తకం. పోయినదానికి మెమో తప్పదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆవిడ మీద ఒక్క మచ్చ లేదు. "నేను కొత్తది కొనిస్తానండి" అంటూ లేచాను. ఆవిడ చూసిన చూపుకి అలాగే కూర్చుండిపోయాను. నిజం చెబుతున్నాను, ఒక గైడు కొని ఆ పిల్లకి ఇవ్వొచ్చన్న ఆలోచన అంతకుముందు నాకు రానేలేదు. సిగ్గేసింది.

వారానికల్లా మెమో వచ్చింది. ఆవిడ చదువుకుని, మడిచి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు.

యశస్వినికీ రిబ్కమ్మకీ ఉద్యోగాలొచ్చాయి. రిబ్కమ్మకి రెడ్డిగూడెం వైపు ఒక చిన్న బళ్లో వేశారు. కొన్నాళ్లకి ఒక సాయంత్రం వచ్చి, ఆవిడ ముందు నిలబడి గొప్పగా చెప్పింది.

"బళ్లో లైబ్రరీ నాకే అప్పగించారు మేడమ్. మూడొందల పుస్తకాలు. పిల్లలు పాడుచేస్తారని బీరువాకి తాళం వేసి, అచ్చం మీలాగే చూసుకుంటున్నాను."

మెచ్చుకుంటారని పాపం ఎదురుచూసింది. సౌభాగ్యలక్ష్మి గారి మొహం వాడిపోయింది.

"ఆ తాళం తీసెయ్యమ్మా."

"చించేస్తారు మేడమ్!"

"చించనీ. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు. నా మీద ఎలాగూ ఒక మెమో ఉంది."

"మెమోనా? మీకా? దేనికి మేడమ్?"

ఆవిడ నా వైపు చూశారు, నోరు విప్పితే ఊరుకోనన్నట్టు. ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆ పిల్లకి అంతా చెప్పేశాను.