మూసీ దాకా, కాలు కింద పెట్టకుండా

పోయిన ఆదివారం పొద్దున్నే అశోక్‌నగర్‌లోని మా ఇంటి నుంచి నడకకు బయలుదేరి నారాయణగూడ చౌరస్తా దాకా వెళ్లేసరికి, అక్కడ ఇరవై మంది దాకా హెల్మెట్లు పెట్టుకుని సైకిళ్లతో నిలబడి ఉన్నారు. ఏమిటా అని ఆగితే వాళ్లలో ఒక అమ్మాయి, వారం వారం ఊళ్లోని పాత కట్టడాలూ మూసీ ఒడ్డూ చూసి వస్తామనీ, ఎవరైనా ఊరికే రావచ్చనీ చెప్పి, ఫోన్ నంబరిచ్చి, "మీరు గూడ రాండ్రి ఆంటీ, మెల్లగనే పోతం" అంది. మోకాలు చూపించి నవ్వేశాను గానీ, ఇంటికి వచ్చి కాఫీ కలుపుకుంటున్నా ఆ మాట నన్ను వదల్లేదు. ఇది నిన్నా మొన్నా పుట్టిన సరదా కాదని నా ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మా నాన్నగారు ఉద్యోగం మీద గుంటూరు నుంచి వచ్చి చిక్కడపల్లిలో ఒక ఇంటి కింది వాటాలో అద్దెకు దిగారు. పై వాటాలో ఇంటివాళ్లుండేవారు. వాళ్ల పెద్దబ్బాయిని నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయనకు ఈ ఊరంటే పిచ్చి. ఆదివారం తెల్లవారేసరికి సందులో బెల్లు కొట్టుకుంటూ తిరిగి, సైకిలున్న ఆడా మగా అందరినీ పోగేసి, ఒక వారం గోల్కొండ వైపూ, ఒక వారం మూసీ ఒడ్డుకూ తీసుకుపోయేవాడు. ఆయన పెట్టిన కట్టుబాట్లు రెండే: నెమ్మదిగా తొక్కేవాళ్లు అందరికన్నా ముందుండాలి, ఒకరు దిగితే అందరూ దిగాలి.

ఆ రోజుల్లోనే నాకు మూసీ అవతల ఒక బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. రెండు బస్సులు మారితే గానీ చేరలేని చోటు, పైగా పొద్దుటి గంట వేళకు ఆ రెండో బస్సు ఏనాడూ అందదు. సైకిలు మీద వెళతానన్నాను. ఆ రద్దీలో ఆడపిల్ల సైకిలేమిటని ఇంట్లో గొడవ గొడవ చేసి, చివరికి నాన్నగారు ఒక షరతు పెట్టారు. ఆ ఆదివారం అన్న వాళ్లతో మూసీ మీది పాత వంతెన పురానాపూల్ దాకా వెళ్లి, దారిలో ఒక్కసారి కూడా కాలు కింద పెట్టకుండా తిరిగి వస్తే ఉద్యోగంలో చేరవచ్చు, లేదంటే సోమవారం నాడే రానని ఉత్తరం రాసేయాలి. నేనూ ఆయన కూతురినే కదా, సరేనన్నాను.

అన్న నన్ను ముందు నిలబెడితే మర్యాద చేస్తున్నాడనుకుని పొంగిపోయాను, అందరికన్నా నెమ్మది నేనేనన్న అసలు సంగతి కాచిగూడలో గానీ తెలియలేదు. నది ఒడ్డున ఆస్పత్రి వెనక చింతచెట్టు దగ్గర అందరూ ఆగారు. నిజాం కాలంలో మూసీకి పెద్ద వరద వచ్చిననాడు ఆ చెట్టెక్కి ఎంతమంది బతికి బయటపడ్డారో అన్న చెబుతుంటే వాళ్లు కళ్లప్పగించి వింటున్నారు, నేను మాత్రం షరతు తప్పుతుందేమోనని సైకిలాపకుండా వాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతూనే ఉన్నాను. "ఏంది చెల్లె, గుడికొచ్చినవా ప్రదక్షిణలు చేస్తున్నవ్?" అని అన్న నవ్వాడు. పురానాపూల్ దగ్గరా అదే వరస. ఆ తెలివితక్కువ తిరుగుళ్లతో ఉన్న ఓపికంతా అయిపోయి, తిరుగుదారిలో అఫ్జల్‌గంజ్ దాటి కోఠీకి ఎక్కే ఎత్తు మీద సగంలో కాళ్లు మొరాయించాయి. కాలు కింద పెట్టేశాను. నడిరోడ్డు మీద భోరున ఏడ్చేశాను.

కళ్లు తుడుచుకుని వెనక్కి చూస్తే, అవలీలగా ఎక్కగలిగినవాళ్లంతా దిగి సైకిళ్లు తోసుకుంటూ వస్తున్నారు. మీరు పొండి అంటే అన్న ఒప్పుకోలేదు. "మా దాంట్ల గట్లుండదు చెల్లె, ఒక్కరు దిగితే అందరం దిగినట్టే" అన్నాడు.

నాన్నగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆయన నోరు తెరవకముందే, కోఠీ ఎత్తు దగ్గర దిగానని చెప్పేశాను. అబద్ధమాడి ఆ ఉద్యోగం చేయాలనిపించలేదు. ఆయన నా మీదుగా అన్న వైపు చూసి, "అమ్మాయి ఒక్కతే దిగిందా?" అని అడిగారు. "లేదు సార్, అందరం దిగినం" అన్నాడు అన్న. నాన్నగారు నా చేతిలోంచి సైకిలు తీసుకుని గోడకు ఆనించారు. తర్వాత, "అక్కడ రోజూ దిగి నడిచి రా, పంతానికి పోయి ఎక్కకు" అని లోపలికి వెళ్లిపోయారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మళ్లీ ఏడుపొచ్చింది. ఆయన మాటల్లో నేను వినంది ఆ ఒక్కటే. నెల తిరగకుండానే ఆ ఎత్తు దిగకుండా ఎక్కాను, రిటైరయ్యేదాకా ఆ బళ్లోనే పాఠాలు చెప్పాను.

ఇప్పుడు ఆ మూసీ పక్కనుంచి వెళ్లాలంటే ముక్కు మూసుకోవాలి, కోఠీ దారిలో సైకిలు తోసుకుంటూ పదిమంది నడవడానికి జాగా లేదు. అన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయన చెప్పిన ఆ వరద కథ నేను సరిగా వినలేదన్న బాధ ఒకటి ఉండిపోయింది. అందుకే నిన్న ఆ అమ్మాయికి ఫోన్ చేసి వచ్చే ఆదివారానికి నా పేరు రాయించాను. మోకాలు ఏమన్నా సరే, వెళ్లి తీరతాను. పిల్లలకు చెబితే, నీ ఇష్టం అమ్మా, జాగ్రత్త అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఎందుకో మనసు చివుక్కుమంది. వద్దని పోట్లాడి, నేను తిరిగొచ్చేదాకా గేటు దగ్గర నిలబడేవారు ఇప్పుడు నాకెవరూ లేరు.