జవాబుల పేజీలు లేని పుస్తకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో వినబడే గొంతు దాదాపు నాదొక్కటే. నేను మూడో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. బాపు బొంబాయి దగ్గరి భీవండిలో సాంచాల మీద పని చేసేవాడు, దసరాకు వచ్చి వారం ఉండి వెళ్లిపోయేవాడు. మరమగ్గాలను మా సిరిసిల్లలో సాంచాలనే అంటాం. ఇక మిగిలింది నేనూ, మా తాతా. ఆయనది మాట పొదుపు, నేనేమో వసపిట్టను. వినేవాళ్లు దొరక్కపోతే పొయ్యిలో కట్టెలతో కూడా ముచ్చట పెట్టేదాన్ని.

ఆరో తరగతిలో ఉన్నప్పుడు సంతలో పాత పుస్తకాల కుప్పలోంచి ఒక జనరల్ నాలెడ్జి పుస్తకం కొనిపించుకున్నాను. రాజులు, నదులు, నక్షత్రాలు, ఆటలు, పద్యాలు, అన్నింటి మీదా ప్రశ్నలున్నాయి. జవాబులు చివరి పేజీల్లో ఉంటాయని మొదటి పేజీలో రాసి ఉంది. తీరా చూస్తే చివరి పేజీలే లేవు. ఏ మిర్చి బజ్జీల పొట్లాలకు పోయాయో ఏమో.

ఆ ఏడాది మా బడిలో క్విజ్ పోటీ పెడతామన్నారు. గెలిచినవాళ్లను కరీంనగర్ పోటీకి తీసుకెళ్తారట. ఆ సంగతి బాపుకు కార్డు రాస్తే, ఎప్పటిలాగే రెండు ముక్కల జవాబు వచ్చింది. గెలిస్తే దసరా దాకా ఆగకుండా వస్తానని రాశాడు. ఆ కార్డును పుస్తకంలోనే పెట్టుకున్నాను. నాకు కరీంనగర్ అక్కర్లేదు, బహుమతీ అక్కర్లేదు. బాపు వస్తే చాలు.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చి తాతకు సద్ది పట్టుకొని సాంచాల షెడ్డుకు వెళ్లేదాన్ని. ఆ చప్పుడులో మన మాట మనకే వినబడదు. అక్కడ అందరూ పెదవులు చూసి, చేతుల సైగలు చూసి మాట్లాడుకుంటారు. నేను తాత ఎదురుగా నిలబడి ప్రశ్న చదివి, తోచిన జవాబు చెప్పేదాన్ని. ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి తల నిలువుగానో, అడ్డంగానో ఊపేవాడు. మా తాతకు చదువు రాదని నాకు తెలుసు. కానీ ఆయన షోలాపూర్, బొంబాయి అన్నీ తిరిగిన మనిషి. ఆయనకు తెలియనిది ఉంటుందని నాకు తోచనే లేదు. ఆయన అవునన్నవి అవును, కాదన్నవి కాదు. అలా పుస్తకమంతా పూర్తి చేశాను.

పోటీ రోజు నన్ను మొదట అడిగిన ప్రశ్న, శతకంలో ఎన్ని పద్యాలుంటాయని. నూరు అన్నాను, చప్పట్లు కొట్టారు. రెండోది, భూమికి అన్నింటికన్నా దగ్గరగా ఉన్న నక్షత్రం ఏదని. తడుముకోకుండా ధ్రువ నక్షత్రం అన్నాను. సూర్యుడట. మూడోది, గోదావరి ఎక్కడ పుట్టిందని. నేను గోదావరిని చూసింది ఒక్కసారే, అమ్మ అస్థికలు కలపడానికి ధర్మపురికి వెళ్లినప్పుడు. అందుకే గట్టిగా "ధర్మపురిలో" అన్నాను. బడి బడంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు. ఇన్నేళ్లయినా ఆ నవ్వు నాకు గుర్తుంది, ఆ సారును నేనింకా క్షమించలేదు.

ఏడ్చుకుంటూ షెడ్డుకు వెళ్లాను. అప్పుడే కరెంటు పోయి సాంచాలన్నీ ఆగిపోయాయి. తాత గడప మీద కూర్చొని బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. ముఖం గోడ వైపు తిప్పుకొని నిలబడి, అన్నీ తప్పులు ఎందుకు చెప్పావని అడిగాను. పలకలేదు. మళ్లీ అడిగాను, ఈసారి అరిచినట్టే. చుట్టూ సూది పడినా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది, ఆయన మాత్రం పలకలేదు. వెనక్కి తిరిగితే నింపాదిగా పొగ వదులుతున్నాడు. నా కన్నీళ్లు చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏమన్నవ్ బిడ్డా? ఇటు తిరిగి చెప్పు."

నాకు కోపమంతా దిగిపోయి భయం వేసింది. పోటీలో తప్పులు చెప్పి ఓడిపోయానని, ఆయన ఎదురుగా నిలబడి సైగలు కలిపి మళ్లీ చెప్పాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నా చెవులు ఎన్నడో పోయినయ్ బిడ్డా. చాయ్, సద్ది, పోగు తెగింది, గసొంటి మాటలైతే పెదవులు జూసి తెలుసుకుంట. నువ్వడిగే సుక్కల ముచ్చట నాకేడ తెలుస్తది? నీ మొఖం జూసేటోణ్ని. తడవడకుంట చెప్తే అవునన్న, తడవడితే కాదన్న."

"మరి ఇనవడ్తలేదని చెప్పొద్దా తాతా?" అన్నాను పెదవులు బాగా కదిలించి.

"చెప్తే నువ్వు అడుగుడు బందు జేస్తవని," అన్నాడు. "నువ్వు గట్ల ఎదురుంగ నిలవడి మాట్లాడితే జూడబుద్ధయితది."

అంతవరకు ఆ ఇంట్లో ఒంటరిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.

మర్నాడు తాత పని మానుకుని నన్ను గ్రంథాలయానికి తీసుకెళ్లాడు. అక్కడ పేపరు చదువుతున్నవాళ్లలో సగం మంది ఆయనతో కలిసి సాంచాలు నడిపేవాళ్లే. చెవిటివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. గది మధ్యలో నిలబడి, అందరూ తలెత్తి చూసేంత గట్టిగా చెప్పాడు.

"అయ్యా, నాకు సదువు రాదు. చెవులు ఇనవడయి. గీ పొల్లకు జవాబులు గావాలె, నాకు తెల్వదు. జర చెప్పుండ్రి."

ఏళ్ల తరబడి సాటివాళ్ల దగ్గర దాచుకున్నది ఒక్క గుక్కలో బయటపెట్టేశాడు. నాకు సిగ్గేసి తల దించుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పేపరు చదువుతున్న ఒకాయన లేచి తాతకు తన కుర్చీ ఇచ్చాడు. గ్రంథాలయం సారు పెద్ద అట్లాసు తెచ్చి మా ముందు పరిచి, ధర్మపురి దగ్గర నా వేలు పెట్టించాడు. నది వెంబడి పడమటికి జరిపించుకుంటూ పోయి, నాసిక్ పక్కన త్ర్యంబకం దగ్గర ఆపాడు. భీవండి ఎక్కడని అడిగితే, అక్కడికి కొంచెం కిందికే చూపించాడు. ఏది ధర్మపురో, నది ఎక్కడ పుట్టిందో, ఏది భీవండో నేను పెదవులు కదిలిస్తూ తాతకు చూపించాను. ఆయన నా వేలినీ, పటాన్నీ మార్చి మార్చి చూశాడు.

"అంటే మీ బాపు దిక్కు నుంచే మీ అమ్మ కాడికి వస్తున్నయన్నట్టు నీళ్లు," అన్నాడు.

ఆ సాయంత్రం బాపుకు కార్డు రాశాను. ఓడిపోయానని రాశాను. గోదావరి మీ దిక్కే పుడుతుందట, ఎలా ఉంటుందో నాకు తెలియదు, చూసి చెప్పమని రాశాను. బాపు దసరాకే వచ్చాడు, అంతకుముందు రాలేదు. కానీ రెండు ముక్కలకు మించి ఎన్నడూ రాయని మనిషి, ఒక సెలవు రోజున బస్సెక్కి త్ర్యంబకం పోయి, ఇన్‌లాండు కవరు నిండా రాశాడు. అక్కడ గోదావరి ఒక్క అంగలో దాటేటంత చిన్నగా ఉందట. ఆ ఉత్తరాన్ని తాత ఎదురుగా నిలబడి, పెదవులు కదిలిస్తూ, మెల్లగా ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు.

ఇప్పుడు నేను ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆదిలాబాద్ హాస్టల్లో చదువుకునే మనుమరాలు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. వారమంతా వెతికి, నాకు నిజంగా తెలియనిది ఒకటి దాన్ని అడగడానికి దాచి పెట్టుకుంటాను. అడగ్గానే పిల్ల జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. నా చెవులు కూడా తాత దారే పట్టాయి, దాని మాటలు సగం అందవు. ఊఁ కొడితే సరిపోతుంది, దానికేం తెలుస్తుంది? అయినా ఊఁ కొట్టను.

"ఇనవడలే బిడ్డా, మళ్లొక్కసారి చెప్పు," అంటాను.