గడువు తప్పని బోసిమెడ కోడి

మా పిన్ని బట్టలు కుడుతుంది. ఆమె మిషను పక్కనున్న గుడ్డల బుట్టలో, సరిగ్గా బడి మాస్టారు కుట్టమనిచ్చిన చొక్కా గుడ్డ మీదే, మెడ మీద ఈకలుండని బోసిమెడ నాటుకోడి పదకొండు గుడ్లు పొదుగుతోంది. ఫారం కోళ్లకి పొదగడం చేతకాదు. పెరట్లో ఆ పాత జాతిది మిగిలింది ఇదొక్కటే. మధ్యలో లేపితే మళ్లీ కూర్చోదు, ఆ జాతి అంతటితో సరి.

గుడ్లు పిల్లలవడానికి ఇంకా రెండు రోజులుందనగా మాస్టారు వచ్చారు.

"నెల్నించీ రేపు రేపంటున్నావు. చొక్కా ఏదమ్మా?"

"కోడి కింద ఉంది మాస్టారూ. ఎల్లుండి పిల్లలొస్తాయి, అప్పటిదాకా లేపను."

"నీ సాకులకి రెక్కలు కూడా మొలిచాయే!" అంటూ ఆయన బుట్టలో చెయ్యి పెట్టారు. కోడి వేలు పొడిచింది.

అన్న రోజుకి ఆయన వచ్చేసరికి తొమ్మిది పిల్లలు కిచకిచమంటున్నాయి. నాలుగింటి మెడలు బోసి. గుడ్డ మాత్రం చొక్కాకి పనికిరాకుండా పోయింది. మాస్టారు వేలు నిమురుకుంటూ బుట్ట మీదికి వంగారు.

"ఈ షాపులో చెప్పిన రోజుకి పని చేసేది ఇదొక్కటేనమ్మా! చొక్కా వద్దుగానీ, ఓ బోసిమెడ పిల్లనియ్యి."

"అలాగే మాస్టారూ. తల్లిని వదలాలి కదా, రెండు నెలలాగి రండి."

"దీనిక్కూడా రేపేనా!"