గంప ఎత్తే చెయ్యి

సఖినేటిపల్లి రేవులో పంటు దిగే జనంలో చేపల అప్పాయమ్మను వెతకక్కర్లేదు. చీర ఎగ్గట్టి, ఫోను బొడ్లో దోపుకుని, నెత్తిన చుట్టకుదురుతో, గంపను నడుముకు ఆనించుకుని పిట్టగోడ దగ్గరకు నడుస్తుంది. గంపను గోడమీద పెట్టి, కిందికి వంగి, నెత్తిమీదికి జరుపుకుని మెల్లగా లేస్తుంది. కొనేదీ, మోసేదీ, అమ్మేదీ తనే. గంప ఎత్తమని మాత్రం ఎవరినీ అడగదు. ఒకప్పుడు టీకొట్టు పల్లంరాజు రోజూ చెయ్యి వేసేవాడు. వేసిన ప్రతిసారీ గంపలోంచి మంచి చేప ఒకటి ఏరుకునేవాడు.

ఆ ఉదయం, కొత్తగా చేపల బేరానికి దిగిన సాయిదుర్గ నిండు గంప ముందు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది. అప్పాయమ్మ తన గంప కింద పెట్టి, ఆ గంపను పిల్ల నెత్తికెత్తి పంపించి, గోడవైపు తిరిగింది. గోడ లేదు. రోడ్డు పనివాళ్ళు కూల్చిన ఇటుకలు కుప్పగా ఉన్నాయి. అది చూసి పల్లంరాజు బల్లమీంచి లేచాడు.

"మీరు కూర్చోండి రాజుగారూ," అంది అప్పాయమ్మ.

నాలుగడుగులు వేసిన సాయిదుర్గ వెనక్కి వచ్చింది. మెడ కదలకుండా, ఒక చేత్తో తన గంప పట్టుకుని, మోకాళ్ళు వంచి రెండో చెయ్యి చాచింది. అప్పాయమ్మ కాసేపు ఆ చేతినే చూసి, తర్వాత వంగింది.

గంప నెత్తికెక్కాక పాత అలవాటు కొద్దీ అడిగింది. "ఏ చేప కావాలే నీకు?"

"నాకెందుకు పిన్నీ, నా గంపనిండా అవేగా."