రంగు అంటిన కాళ్లు

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా నాన్న కాళ్లు ఎర్రగానే ఉండేవి. రాజమండ్రిలో మా ఇంటి ముందుగదే మా తోలుపని షాపు. బెల్టులు, సంచులు, చెప్పులు, అన్నీ చేత్తో కుట్టినవే. నాన్న కోసేవాడు, నేను కుట్టేదాన్ని. పెళ్లయిన మూడేళ్లకే పుట్టింటికి వచ్చేసి ఆ గదిలో కూర్చున్నాను, మళ్లీ లేవలేదు.

నాన్న తోలును బల్ల మీద పెట్టి కోసేవాడు కాదు. కింద కూర్చుని, ఒక కొసను కుడికాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య బిగించి, రెండో కొసను ఎడమచేత్తో లాగి పట్టుకుని కత్తి దింపేవాడు. బిగించడానికి ఇనపపట్టు ఒకటి కొందామంటే నవ్వేవాడు. కాలికి తెలిసినంత ఇనుముకేం తెలుస్తుందనేవాడు. రంగు పూసేటప్పుడూ అదే పట్టు. అందుకే ఆ వేళ్ల సందుల్లో రంగు ఎంత తోమినా వదిలేది కాదు. ఆదివారం తెల్లపంచె కట్టుకుని చర్చికి బయల్దేరితే, పారాణి పెట్టిన పెళ్లికూతురులా ఉన్నావని ఏడిపించేదాన్ని.

తర్వాత షుగరు వచ్చింది, ముదిరింది. పాదాల్లో స్పర్శ పోయిందన్నారు డాక్టరుగారు. దెబ్బ తగిలినా ఆయనకు తెలియదనీ, రోజూ కాళ్లు చూడాల్సింది ఇంట్లోవాళ్లేననీ, ఏమరుపాటుగా ఉంటే కాలే తీసేయాల్సి వస్తుందనీ నావైపు తిరిగి మరీ చెప్పారు. సరేనన్నాను. కొన్నాళ్లు ఫోను లైటు వేసి వేలు వేలూ చూశాను. రానురాను చూసీ చూడనట్టు కానిచ్చేశాను. ఎప్పుడు చూసినా అదే రంగు, అదే కాలు.

ఆ వానాకాలంలో అమలాపురం నుంచి ఒకాయన వచ్చి ఇరవై నల్ల సంచులు కావాలన్నాడు. వారమంతా నల్లరంగే. ఒక సాయంత్రం నాన్న నా ముందుకు కాలు చాపాడు.

“చూడమ్మా, ఇది రంగేనా? ఏదో వాసనొస్తోంది.”

నేను సంచికి పిడి కుడుతున్నాను. మైనం పట్టించిన దారం అప్పటికే రెండుసార్లు తెగింది, చిరాకుగా ఉంది. తల తిప్పాను గానీ వంగి చూడలేదు.

“రంగే నాన్నా. తోలు వాసన ఇవాళ కొత్తేంటి నీకు? కిరసనాయిలు పెట్టి తుడుచుకో.”

నా కళ్ల మీద ఆయనకు గురి. పాతగుడ్డ కిరసనాయిలులో ముంచి ఆ సందులో గట్టిగా రుద్దుకున్నాడు. నొప్పి తెలిస్తే కదా ఆపడానికి. మర్నాడూ రుద్దుకున్నాడు, ఆ మర్నాడూ రుద్దుకున్నాడు. నేను అదే గదిలో కూర్చుని కుడుతూనే ఉన్నాను.

ఐదో రోజు చలిజ్వరం ముంచుకొచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు సబ్బునీళ్లతో పాదం కడిగింది. పైపై రంగు పోయింది, నలుపు పోలేదు. వేళ్ల మధ్య లోతుగా కత్తిగాటు ఉంది. అది ఎప్పుడు తెగిందో ఆయనకూ తెలియదు.

మోకాలి కింద తీసేయకపోతే ప్రాణానికే ముప్పన్నారు డాక్టరుగారు. రోజూ చూడమన్నాను కదా, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని నన్ను నిలదీశారు. మంచం మీద వణుకుతున్న నాన్న అందుకున్నాడు.

“నేనే దాచానండి. చూపించమంటే విసుక్కునేవాణ్ణి. మా అమ్మాయి తప్పేం లేదండి.”

ఈ వయసులో ఈ మొండితనమేంటని డాక్టరుగారు ఆయన్ని చెడామడా తిట్టారు. నాన్న తలదించుకుని అన్నీ పడ్డాడు. నాకు చూపించాడండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. భయమేసింది, ఆ భయంతో పాటు హమ్మయ్య అని కూడా అనిపించింది. అందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

కాలు తీశాక ఎనిమిది నెలలు బతికాడు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ అదే కథ చెప్పాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం ఆ మాట ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తూ, కన్నతండ్రిని కంటికి రెప్పలా కాచిన ఇలాంటి కూతుళ్లను ప్రతి ఇంటికీ ఇవ్వమని దేవుణ్ణి అడిగారు. అందరితో పాటు నేనూ ఆమెన్ అన్నాను.